ఫొటోకీ ఓ మాట కావాలి!

ఇంట్లోంచే చీరలు, పచ్చళ్లు, నగలు అమ్ముతూ సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుంటున్న ఆడవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఫొటోలు ఎంత అందంగా తీసినా, వాటి వెనక ఓ వాక్యం రాయకపోతే చూపు లేనివారికి అవి తెలియవు. గూగుల్లో వెతికేవారికీ సరిగ్గా దొరకవు. ఖర్చు లేని ఆ చిన్న పని ఎలా చేయాలో చూద్దామా?

మా వదిన మంగళగిరిలో ఉంటుంది. పిల్లలిద్దరూ చదువులకి వెళ్లిపోయాక ఊరికే కూర్చోవడమెందుకని మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని అమ్మడం మొదలెట్టింది. మొదట చుట్టుపక్కల వాళ్లకి, తర్వాత వాట్సప్‌లో. ఆ తర్వాత మేనల్లుడి సాయంతో సొంత వెబ్‌సైట్ కూడా పెట్టేసింది. నలభై చీరలు, నలభై ఫొటోలు. డాబా మీద పొద్దుటెండలో ఆరేసి, ఓపిగ్గా తీసినవి. చూస్తే కొనాలనిపించేలా ఉన్నాయి.

ఓరోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. కర్నూలు నుంచి ఓ టీచరమ్మ.

"అమ్మా, మీ సైట్లో మంచి చీరలున్నాయని మా స్కూల్లో ఒకరు చెప్పారు. తీసుకుందామంటే ఏ చీర ఎలా ఉందో తెలియడం లేదండీ."

"అదేంటండీ, ఫొటోలు రావట్లేదా?"

"వస్తున్నాయేమో, నాకు చూపు లేదమ్మా. స్క్రీన్ మీద ఉన్నది నా ఫోనే చదివి వినిపిస్తుంది. మీ సైట్లో మాత్రం 'ఐఎమ్‌జీ రెండువేల ముప్ఫై నాలుగు, పద్ధెనిమిది వందల రూపాయలు... ఐఎమ్‌జీ రెండువేల ముప్ఫై అయిదు, రెండువేల రూపాయలు' అంటోంది. చివరిదాకా అంతే."

వదినకి ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తోచలేదట. తర్వాత తేరుకుని ఒక్కో చీరా తీసి, పక్కనే కూర్చున్న చెల్లెలికి చెప్పినట్టు చెప్పడం మొదలెట్టింది. "ఇదేమో మెంతి రంగు కాటన్. అంచు సన్నగా జరీతో ఉంటుంది. కొంగు వంగపండు రంగు. ఇంకోటేమో నెమలికంఠం రంగు..." ఆవిడ అడిగిన ప్రశ్నలూ మామూలు కస్టమర్లు అడిగేవి కావు. జరీ గుచ్చుకుంటుందా? ఉతికాక మెత్తబడుతుందా? గంజి పెట్టకపోయినా కుచ్చిళ్లు నిలుస్తాయా? ఇరవై నిమిషాల తర్వాత మెంతి రంగు చీర ఖాయమైంది.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ ఓ మాట అన్నారు. "ఇంతసేపూ మీరు నాకు చెప్పారు కదా, ఆ మాటలే అక్కడ రాసేయండమ్మా. చీర కొనుక్కోవాలన్నప్పుడల్లా ఎవర్నో ఒకర్ని అడగాలంటే నాకూ మొహమాటమే. వాళ్లకి నచ్చింది నేను కట్టుకోవాల్సి వస్తుంది."

ఆ సాయంత్రమే వదిన నాకు ఫోన్ చేసింది. "ఎక్కడ రాయాలి? ఎలా రాయాలి? తెలుసుకుని చెప్పవూ!" అని. ఆమె కోసం తెలుసుకున్న సంగతులే ఇవన్నీ.

ఫోను ఎలా చదువుతుంది?

చూపు లేనివారు వాడే సాఫ్ట్‌వేర్‌ని స్క్రీన్ రీడర్ అంటారు. ఇందుకోసం వేరే ఫోను కొనక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 'టాక్‌బ్యాక్', ఐఫోన్లో 'వాయిస్‌ఓవర్' అనే పేర్లతో ముందే ఉంటుంది. కంప్యూటర్లో అయితే 'ఎన్‌వీడీఏ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో మొదలైన దీన్ని తయారుచేసింది మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు. ఇద్దరూ అంధులే! ఇవి తెలుగునూ చదువుతాయి.

వేలితో స్క్రీన్ మీద జరుపుతూ పోతే ఒక్కో అక్షరాల వరుసనీ, ఒక్కో బటన్‌నీ ఇది పైకి చదువుతుంది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి చిక్కు. ఫొటోలో అక్షరాలుండవు కదా! అందుకే వెబ్ పేజీలో ప్రతి బొమ్మ వెనకా ఓ వాక్యం రాసుకునే చోటు పెట్టారు. దాన్ని 'ఆల్ట్ టెక్స్ట్' అంటారు. బొమ్మకి బదులు మాట అన్నమాట. ఇదేం కొత్తది కాదు. 1995లో వచ్చిన వెబ్ పేజీల నిబంధనల్లోనే ఉంది. మామూలుగా చూసేవాళ్లకి ఇది పేజీలో కనపడదు. స్క్రీన్ రీడర్ మాత్రం బొమ్మ దగ్గరికి రాగానే దాన్ని చదువుతుంది. అక్కడేమీ రాయకపోతే పాపం అదేం చేస్తుంది? 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. లేదా కెమెరా పెట్టిన ఫైలు పేరే చదివేస్తుంది. టీచరమ్మకి వినిపించిన రెండువేల ముప్ఫై నాలుగు అదే!

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షల పైనే. వాళ్లే కాదు. శుక్లాలు వచ్చిన అత్తగార్లు, అక్షరాలు మసకబారిన పెద్దవాళ్లు కూడా ఈ మధ్య ఫోను చేత చదివించుకుంటున్నారు. అంతేకాదు, సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఫొటో రాకపోతే సాధారణంగా ఆ ఖాళీలో కనిపించేదీ ఈ వాక్యమే.

చూపు లేని మరో కస్టమరు

ఇంకో విశేషం చెప్పనా? మీ సైటుకి రోజూ వచ్చిపోయే మరో కస్టమరుకీ చూపు అంతంతమాత్రమే. ఎవరనుకున్నారు... గూగులే!

దీని వెనక ఓ చీర కథ లాంటి గౌను కథ ఉంది. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో జరిగిన గ్రామీ అవార్డుల వేడుకకి గాయని, నటి జెన్నిఫర్ లోపెజ్ వెర్సాచీ సంస్థ తయారుచేసిన ఓ ఆకుపచ్చ గౌను వేసుకొచ్చారు. అడవి ఆకుల డిజైను. అంతే, జనం ఆ గౌను చూడ్డానికి గూగుల్ మీద పడ్డారు. అప్పటిదాకా తాము చూసిన వెతుకులాటలన్నిటిలోకీ అదే ఎక్కువని అప్పటి ఆ సంస్థ పెద్ద ఎరిక్ ష్మిట్ 2015లో రాశారు. కానీ జనానికి కావలసింది గౌను గురించిన వార్త కాదు, గౌను! గూగుల్ దగ్గరేమో అక్షరాల లంకెలే తప్ప బొమ్మలు వెతికి ఇచ్చే దారి లేదు. అలా పుట్టిందే 2001 జులైలో వచ్చిన గూగుల్ ఇమేజెస్. మొదలుపెట్టేనాటికి అందులో 25 కోట్ల బొమ్మలు.

చూశారా... బొమ్మల్ని వెతకడానికి కూడా మనం వాడేది మాటల్నే. 'మెంతి రంగు మంగళగిరి చీర' అని టైపు చేస్తాం. ఆ మాటలు బొమ్మ దగ్గర ఎక్కడో అక్కడ ఉంటేనే కదా దొరికేది! ఈ రోజుల్లో గూగుల్ బొమ్మని చూసి కొంత గుర్తుపట్టగలదు, నిజమే. ఇది చీర అని, రంగు పసుపు అని పోల్చుకోగలదు. అది మంగళగిరిలో నేసిందా, అంచు ఏ రకం, నూలా పట్టా అన్న సంగతులు ఫొటో చూసి దానికేం తెలుస్తాయి? అందుకే ఆల్ట్‌లో రాసిన వాక్యాన్నీ, బొమ్మ చుట్టూ ఉన్న వివరాలనీ, శీర్షికనీ, ఫైలు పేరునీ కూడా చూసుకుంటుంది. అంటే టీచరమ్మ కోసం రాసిన వాక్యమే గూగుల్‌కీ పనికొస్తుంది. ఒక్క పిలుపుకి ఇద్దరు చుట్టాలు!

అక్కకి ఫోన్లో చెప్పినట్టు...

ఆల్ట్ రాయడం పెద్ద విద్యేం కాదు. మనకి పుట్టుకతో వచ్చిందే. పెళ్లికి రాలేకపోయిన అక్కకి ఫోన్లో ఏమని చెబుతాం? "పెళ్లికూతురు కనకాంబరం రంగు గద్వాల కట్టుకుందే, ఆకుపచ్చ అంచు, పెద్ద కొంగు!" అంటాం. అక్క కళ్లకి కట్టినట్టుంటుంది. ఇదీ అంతే. ఒక్క వాక్యం, మహా అయితే రెండు.

మొదట వదిన రాసింది చూడండి: 'చీర'. నలభై ఫొటోలకీ అదే మాట! ఇలా అయితే విన్నవాళ్లకి ఏం తెలుస్తుంది?

రెండోసారి, గూగుల్లో ముందుకి రావాలని మేనల్లుడు రాసిచ్చాడు: 'మంగళగిరి చీర, మంగళగిరి కాటన్ చీర, బెస్ట్ మంగళగిరి చీర, తక్కువ ధర చీర, ఆన్‌లైన్ చీర'. ఇది మరీ అన్యాయం. స్క్రీన్ రీడర్ ఇదంతా గడగడా చదువుతుంటే వినేవాళ్లకి విసుగు. ఇలా ఒకే మాటని కుక్కితే గూగుల్ కూడా మెచ్చదు. వద్దని ఆ సంస్థ సూచనల్లోనే ఉంది.

మూడోసారి వదినే రాసుకుంది: 'మెంతి రంగు మంగళగిరి కాటన్ చీర, సన్నటి జరీ నిజాం అంచు, వంగపండు రంగు కొంగు'. ఇదీ వరస! ఏ ఊరి నేత, ఏ రంగు, ఏ అంచు, ఏ కొంగు... అన్నీ వచ్చేశాయి.

'చూపు లేనివారికి రంగులెందుకు?' అని మీకు అనిపించవచ్చు. చాలామందికి చూపు మధ్యలో పోయినదే. రంగులన్నీ బాగా గుర్తుంటాయి. పుట్టుకతో లేనివారికీ ఏ రంగు దేనికి నప్పుతుందో, పెళ్లికి ఏది, వ్రతానికి ఏది, బడికి ఏది అన్న సంగతి మనకి తెలిసినట్టే తెలుసు. నలుగురిలోకి వెళ్లినప్పుడు తామేం కట్టుకున్నదీ తెలిసుండాలని వారికి మాత్రం ఉండదా? అందుకే రంగు తప్పకుండా రాయండి. 'మల్టీ కలర్' అని తేల్చేయకుండా నెమలికంఠం, చిలకపచ్చ, తేనె రంగు అని మన మాటల్లో రాస్తే ఇంకా బాగుంటుంది. అయితే ఉన్న రంగే రాయాలి సుమా! ఫొటోలో వేరుగా పడితే, చీరని చేత్తో పట్టుకుని పగటి వెలుగులో చూసి రాయండి.

ఒకే చీరకి నాలుగు ఫొటోలు పెడతాం. నాలుగింటికీ ఒకే వాక్యం అంటించకండి. మొదటిదాంట్లో చీర మొత్తం, రెండోదాంట్లో అంచు దగ్గరగా, మూడోదాంట్లో కొంగు, నాలుగోదాంట్లో జాకెట్ ముక్క. ఏ ఫొటోలో ఏది కనపడుతోందో అదే చెప్పాలి. మగ్గం ఫొటో ఉంటే 'గుంట మగ్గం మీద చీర నేస్తున్న నేతగాడు' అంటే చాలు. 'ఈ ఫొటోలో...' అని మొదలెట్టనక్కర్లేదు. అది ఫొటో అని స్క్రీన్ రీడరే ముందు చెబుతుంది.

మరి జరీ గుచ్చుకోవడం, ఉతికితే మెత్తబడటం లాంటివి ఎక్కడ రాయాలి? అవి ఫొటోలో కనపడేవి కావు కాబట్టి ఆల్ట్‌లో కాదు, కింద అందరికీ కనిపించే వివరాల్లో రాయాలి. టీచరమ్మ అడిగిన ఆ మూడు ప్రశ్నలకీ వదిన ఇప్పుడు ప్రతి చీర కింద జవాబు రాస్తోంది. "ఇవి చదివి చూపున్నవాళ్లూ సంతోషిస్తున్నారే! ఎన్నాళ్లుగానో అందరికీ ఉన్న సందేహాలే కదా" అంటోంది.

బొమ్మలో అక్షరాలుంటే?

అందరం చేసే పొరపాటు ఒకటుంది. ఉగాదికి తగ్గింపు ధరలంటూ రంగురంగుల పోస్టరు తయారుచేసి సైట్లో పెట్టేస్తాం. తేదీలు, ధరలు, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే. మనకి అవి అక్షరాలు. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అదంతా ఓ బొమ్మ! అందులోని ముఖ్యమైన సంగతులన్నీ పేజీలో మామూలు అక్షరాలతో మళ్లీ టైపు చేయాల్సిందే. అప్పుడే వెతికేవారికీ దొరుకుతాయి. లేత పసుపు మీద తెల్లక్షరాల్లాంటివి అసలు వద్దు. చూపు మందగించినవారు చదవలేరు.

పచ్చళ్లు అమ్మేవారు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీసా మీది లేబులు ఫొటో తీసి పెట్టి, 'వివరాలు అందులోనే ఉన్నాయి' అనుకుంటారు. ఆవకాయలో వెల్లుల్లి వేశారా? ఏ నూనె? వేరుశనగ కలిసిందా? ఇవి తెలియకుండా ఎలా కొంటారు? వెల్లుల్లి తినని ఇళ్లున్నాయి, వేరుశనగ పడనివారున్నారు. దినుసులు, తూకం, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందన్నది అక్షరాల్లో రాయండి.

కొన్ని బొమ్మలు ఊరికే అలంకారానికి పెడతాం. పేజీ పైన మామిడాకుల తోరణం, మధ్యలో ముగ్గు గీత లాంటివి. వాటికి వర్ణన అక్కర్లేదు. ఆల్ట్ గడిని ఖాళీగా వదిలేస్తే స్క్రీన్ రీడర్ వాటిని దాటేసి ముందుకు పోతుంది. ఇక నొక్కే బొమ్మలుంటాయి. బుట్ట బొమ్మ నొక్కితే కొన్న సరుకుల జాబితా వస్తుందనుకోండి. అక్కడ 'బుట్ట' అని రాస్తే లాభం లేదు, 'మీరు ఎంచుకున్నవి చూడండి' అని రాయాలి. బొమ్మ ఎలా ఉందన్నది కాదు, నొక్కితే ఏమవుతుందన్నదే కావాలి.

ఎక్కడ రాయాలంటారా? వర్డ్‌ప్రెస్, షాపిఫై లాంటి వాటితో సైటు పెట్టుకున్నవారికి ఫొటో ఎక్కించగానే ఆల్ట్ టెక్స్ట్ కోసం ఓ గడి ఉంటుంది. మనమే దాన్ని పట్టించుకోం! ఎవరితోనైనా సైటు చేయించుకుంటే 'ప్రతి ఫొటోకీ ఆల్ట్ రాసుకునే వీలుండాలి' అని ముందే అడగండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ 2018 నుంచి మనంతట మనం ఆల్ట్ రాసుకునే సదుపాయం ఉంది. ఫేస్‌బుక్ 2016 నుంచి తనంతట తనే బొమ్మని వర్ణించే ఏర్పాటు చేసింది. ఇప్పుడైతే అడగ్గానే వాక్యం రాసిపెట్టే ఏఐ సాధనాలూ వచ్చాయి. పని తేలికే... కానీ అవి 'పసుపు చీర కట్టుకున్న మహిళ' అని ఊరుకోవచ్చు. మన నేత పేరు, అంచు పేరు మనకే తెలుసు. వాటితో రాయించినా ఒకసారి చదివి, దిద్ది పెట్టండి.

తెలుగులో రాయాలా, ఇంగ్లిషులోనా? పేజీ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. పేజీ భాష ఫలానా అని సైటులో నమోదు చేసే చోటు కూడా ఉంటుంది. సైటు తయారుచేసినవారిని అడిగి అది 'తెలుగు' అని పెట్టించండి. లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగుని ఇంగ్లిషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు.

పేరు, బరువు కూడా చూసుకోవాలి

ఇక ఫైలు సంగతి. కెమెరా పెట్టిన నంబర్ల పేరు తీసేసి, ఎక్కించే ముందే అర్థమయ్యే పేరు పెట్టండి. 'మంగళగిరి-మెంతిరంగు-కాటన్‌చీర' అని ఇంగ్లిషు అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య చిన్న గీతతో పెడితే సరిపోతుంది. గూగుల్‌కి ఇదో చిన్న ఆనవాలు.

పేరు కన్నా ముఖ్యం బరువు. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ ఉందనుకోండి. వదిన పేజీలో నలభై ఫొటోలంటే 160 ఎంబీ! మారుమూల ఊళ్లో నెట్ అంతంతమాత్రంగా ఉన్నావిడ ఈ పేజీ తెరిస్తే తెల్లటి గళ్లే కనిపిస్తాయి. ఎంతసేపని చూస్తుంది, మూసేసి పోతుంది. పేజీలోని పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోగా కనిపిస్తే మంచి వేగం అని గూగుల్ లెక్క.

దీనికి విరుగుడు తేలికే. ఫోను స్క్రీన్ మీద చూసే ఫొటోకి నాలుగువేల పిక్సెళ్ల వెడల్పు ఎందుకు? 1200కి తగ్గించండి. జేపెగ్‌కి బదులు 'వెబ్‌పీ' రకంలోకి మార్చండి. 2010లో గూగుల్ తెచ్చిన ఈ రకంలో, జేపెగ్‌తో సమానమైన నాణ్యతకే ఫైలు 25 నుంచి 34 శాతం దాకా చిన్నదవుతుందని ఆ సంస్థ చెబుతోంది. స్క్వూష్ అనే ఉచిత సాధనంలో ఈ రెండు పనులూ అయిపోతాయి. ముందూ వెనకా ఫొటోలు పక్కపక్కన చూపిస్తుంది కాబట్టి నేత నగిషీ చెడిందేమో అక్కడే చూసుకోవచ్చు. ఒక్కో ఫొటో 150 కేబీకి తగ్గితే నలభై కలిపి 6 ఎంబీ. 160 ఎక్కడ, 6 ఎక్కడ!

కింద ఉన్న ఫొటోలు అక్కడిదాకా వెళ్లినప్పుడే వచ్చేలా పెట్టే వీలు కూడా ఉంది. దాన్ని 'లేజీ లోడింగ్' అంటారు. అయితే పేజీ తెరవగానే కనిపించే మొదటి ఫొటోకి మాత్రం ఇది పెట్టకండి, ఆలస్యమవుతుంది.

చట్టం ఏమంటోంది?

ఇది దయతో చేసే పని అనుకుంటే పొరపాటే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ జరిగాయి కదా... ఆ క్రీడల వెబ్‌సైట్లో బొమ్మలకి ఆల్ట్ లేదని బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు ముందటేడే ఫిర్యాదు చేశారు. ఆస్ట్రేలియా మానవహక్కుల కమిషన్ ఆయన పక్షానే తీర్పు చెప్పింది. నిర్వాహకులు చెప్పినట్టు చేయకపోవడంతో 20 వేల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. అమెరికాలో అంధుల జాతీయ సమాఖ్య టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ మీద 2006లో దావా వేసింది. అక్కడా ఆల్ట్ లేకపోవడం ఫిర్యాదుల్లో ఒకటి. 2008లో 60 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది.

వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని ప్రపంచమంతా పాటించే మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. వాటిలో మొట్టమొదటి సూత్రం ఏంటో తెలుసా? బొమ్మకి బదులు మాట ఉండాలన్నదే! మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం, సేవలు వారికీ అందుబాటులో ఉండాలంటోంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

ఒకసారి కళ్లు మూసుకుని...

మీ సైటు ఎలా ఉందో తెలుసుకోవాలంటే మీరే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వినండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అందులో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్. అది పెట్టాక ఫోను నడిచే తీరు మారిపోతుంది. కంగారు పడకండి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు టకటకా తడితే తెరుచుకుంటుంది. పైకి కిందికి జరపడానికి రెండు వేళ్లు వాడాలి. తీసేయడమూ వచ్చిన దారినే. ఓ అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని మీ సైట్లో మీరే ఓ చీర కొనడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే పని ఉందని అర్థం.

వదిన ఈ పరీక్ష పెట్టుకుని మూడో ఫొటో దగ్గరే ఆగిపోయింది. "నా కొట్లో నేనే దారి తప్పాను" అంది నవ్వుతూ. తర్వాత రోజుకి అయిదు ఫొటోల చొప్పున ఎనిమిది రోజుల్లో నలభై వాక్యాలూ రాసేసింది. మధ్యాహ్నం టీ పెట్టుకున్నప్పుడు ఓ అరగంట, అంతే.

ఇవి గుర్తుంచుకోండి

* అక్కకి ఫోన్లో చెప్పినట్టు ఒక వాక్యం రాయండి. రంగు, నేత, అంచు, కొంగు మరవకండి.
* ఒకే మాటని పదేపదే కుక్కకండి.
* ఒకే వస్తువు ఫొటోలు నాలుగుంటే నాలుగు వేరువేరు వాక్యాలు.
* అలంకారపు బొమ్మలకి ఆల్ట్ ఖాళీగా ఉంచండి. నొక్కే బొమ్మలకి పని రాయండి.
* పోస్టర్లు, లేబుళ్ల మీది వివరాల్ని పేజీలో అక్షరాలుగా పెట్టండి.
* తాకితే ఎలా ఉంటుందో, ఉతికితే ఏమవుతుందో ఫొటో కింద రాయండి.
* ఫైలుకి పేరు పెట్టండి, బరువు తగ్గించండి.
* కొత్త ఫొటో ఎక్కించిన రోజే వాక్యమూ రాసేయండి. 'తర్వాత చూద్దాం' అంటే అది ఇక రాయనట్టే!

ఇదంతా చేస్తే రేపే గూగుల్లో మొదటి వరసలోకి వచ్చేస్తామా? అలాగేం లేదు. దానికి ఇంకా ఎన్నో లెక్కలుంటాయి. వదిన సైటు కూడా రాత్రికి రాత్రి ముందుకి దూకెయ్యలేదు. కాకపోతే 'వంగపండు కొంగు మెంతి రంగు చీర' లాంటి మాటలతో వెతికి వచ్చామని చెప్పేవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తున్నారట. నిదానంగానే పెరుగుతుంది.

కానీ వదిన సంతోషమంతా వేరే ఉంది. శ్రావణమాసం ముందు ఓ ఆర్డరు వచ్చింది. నెమలికంఠం రంగు చీర, డబ్బు ముందే కట్టేశారు. ఫోను లేదు, ప్రశ్నలు లేవు. చిరునామా చూస్తే కర్నూలు టీచరమ్మ! ఆర్డరుతో పాటు ఓ ముక్క రాశారు. "ఈసారి ఎవర్నీ అడగలేదమ్మా. నలభై చీరలూ విన్నాను. నాకు నచ్చిందే తీసుకున్నాను" అని.

మీ సైట్లో ఫొటోలెన్ని ఉన్నాయి? ఇవాళ మొదటి అయిదింటికి ఓ మాట రాసి చూడండి మరి!